ఆకుపచ్చ జట్టు వియ్యంకుడు

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మా ఊరి బడిలో అయిదో తరగతితో ఆగిన చదువు నాది. సింగపూర్‌లో మన తెలుగు సంఘం పత్రికవారు దిద్దగలిగినన్ని తప్పులు దిద్దుతామన్నారు. దిద్దగా మిగిలినవి మీరు మన్నించి చదువుకోవాలి.

మా వియ్యంకుడుగారు పోయారు. పొద్దున కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే తల వాల్చేశారట. నాకు ఫోను చేసింది వాళ్ళబ్బాయి. ఒకప్పుడు మా అల్లుడు.

"అంకుల్, నాన్న పోయారు," అన్నాడు.

ఇదివరకు మామయ్యగారూ అనేవాడు. తప్పు పట్టడం లేదు. అతను మాత్రం ఇంకేమని పిలుస్తాడు? మా అమ్మాయికీ అతనికీ విడాకులయ్యి రెండేళ్ళు దాటింది.

ఫోను పెట్టేసి మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. ఏడుపు తరవాత వచ్చింది. ముందుగా వచ్చింది వేరే ఆలోచన. ఇప్పుడు నేను ఆ ఇంటికి ఏమవుతాను? ఏ వరసన వెళ్ళి నిలబడాలి? నా వయసుకి ఇలాంటి సందేహం రాకూడదు. వచ్చింది.

ఆయన గురించి చెప్పాలంటే ఆయన ఆట గురించి చెప్పాలి. మన క్రికెట్టు కాదు. ఆస్ట్రేలియావాళ్ళు ఆడుకునే ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో మైదానం, బంతి కూడా కోలగానే ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, మనిషి భుజాల మీదికెక్కి గాల్లో అందుకోవచ్చు. చివర నాలుగు స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్యనుంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోతే ఒక పాయింటు.

"తప్పినవాడి చేతిలో కూడా ఒకటి పెట్టి పంపే ఆట ఇది, బావగారూ," అనేవారు ఆయన. నాకు ఆ ఆటలో మొదట అర్థమైన ముక్క అదే.

ఆయన మలేసియాలో, పేరాక్ వైపు ఎస్టేటులో పుట్టిన తెలుగు మనిషి. తాతల నాడు మా శ్రీకాకుళం వైపునుంచే వెళ్ళారు. కుర్రతనంలో సింగపూర్ వచ్చి ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగు పని నేర్చుకున్నారు. ఆ పని మీదే కంపెనీవాళ్ళు కొన్నేళ్ళు ఆస్ట్రేలియాలో పెర్త్ దగ్గరికి పంపారు. అక్కడ తోటి పనివాడొకడు ఒక శనివారం మైదానానికి తీసుకెళ్ళాడట. "అతను ఆకుపచ్చ జట్టు మనిషి. అందుకని నేనూ అయ్యాను. అతను తెల్లజట్టువాడయ్యుంటే నా బతుకు కాస్త సుఖంగా ఉండేది," అనేవారు. ఆకుపచ్చ జట్టు ఎప్పుడూ గెలవలేదని కాదు. గెలుస్తుందేమోనని ఆశపెట్టి, సరిగ్గా ఫైనల్స్‌కి వచ్చాక చేతులెత్తేస్తుంది. అదీ ఆయన బాధ.

పిల్లల పెళ్ళయి, నేను అమ్మాయి దగ్గరికి సింగపూర్ వచ్చిన కొత్తలో మా ఇద్దరు వియ్యంకులకీ మాటలుండేవి కావు. ఆయన తెలుగులో తమిళం, మలయ్ కలిసి ఉండేవి, మాట చివర ఇక్కడివాళ్ళలా ఒక 'లా' తగిలేది. నాకు అసలే మాటలు తక్కువ. శనివారాలు హౌగాంగ్‌లో వాళ్ళింటికి భోజనానికి పిలిచేవారు. తిన్నాక ఇద్దరు వియ్యంకులం సోఫాకి ఆ చివరొకరం ఈ చివరొకరం కూర్చుని, ఎదర గోడ చూసేవాళ్ళం. ఒకసారి ఆయన టీవీ పెట్టారు. ఎవడో ఎవడి వీపు మీదికో ఎక్కి బంతి పట్టాడు.

"ఇదేటండీ బావగారూ, కొట్టుకుంటున్నారా?" అన్నాను.

ఆయన నావైపు పూర్తిగా తిరిగారు. అప్పటిదాకా నన్ను అంత నిండుగా చూడలేదు. "కొట్టుకోవడం కాదు, మార్క్ అంటారు. చెప్తాను, ఉండండి," అని సాయంత్రం దాకా చెప్తూనే ఉన్నారు. మా వియ్యపురాలు టీ తెచ్చి, "అయిపోయింది అన్నయ్యగారూ, దొరికిపోయారు. నేను ముప్ఫయ్యేళ్ళు తప్పించుకు తిరిగాను," అంది.

నేనూ ఒక జట్టుని పట్టుకోవాలన్నారు. లేకపోతే వాదన కుదరదట. పట్టికలో అన్నిటికన్నా అడుగున ఎవరున్నారని అడిగాను. తెల్లజట్టు అన్నారు. అప్పట్లో అది అడుగునే ఉండేది. అయితే అదే నాది అన్నాను. "జాలిపడి జట్టు కడతారా ఎవరైనా? అయ్యో లా!" అని తల కొట్టుకున్నారు. కానీ ఆ రోజునుంచి నన్ను తెల్లజట్టు మనిషిగానే చూశారు. మావాళ్ళు ఓడినప్పుడు ఫోను చేసి పరామర్శించేవారు, ఇంట్లో మనిషి పడుకున్నట్టు గొంతు తగ్గించి.

ఆటకన్నా ఆయనకి ఆట మీద జనం రాసే రాతలంటే ఇష్టం. ఫోనులో అభిమానుల చర్చ తెరిచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు తెలుగు చేసి చెప్పేవారు.

"ఈయనేమంటాడంటే, కోచ్‌ని ఇవాళే తీసెయ్యాలట."

"గెలిచారు కదండీ?"

"గెలిచినా తియ్యాలట. గెలిచిన తీరు బాగాలేదట. ఈ రెండోవాడు, ఇంక జన్మలో ఈ జట్టు ఆట చూడనంటున్నాడు."

"పాపం."

"పాపమా? వాడు ప్రతివారం ఇదే రాస్తాడు. నేను వాడికోసమే చూస్తాను. ఒకవారం రాయకపోతే ఒంట్లో బాగాలేదేమో అని బెంగ."

ఫైనల్స్ పద్ధతి మీద మాకు పెద్ద తగాదా. ఫైనల్స్‌కి ఎనిమిది జట్లు వస్తాయి. పట్టికలో పైనున్న నాలుగు జట్లకి, మొదటి ఆట ఓడినా రెండో అవకాశం ఉంటుంది. కింది నాలుగు ఓడితే ఇంటికే. ఏడాదంతా బాగా ఆడినవాళ్ళకి ఆ మర్యాద ఉండాలంటారు ఆయన. పైనున్నవాడికి రెండో అవకాశం దేనికి, అవసరం కిందివాడికి కదా అంటాను నేను. "మీరు ఆటలో కూడా రేషన్ కార్డు ఇప్పిస్తారు బావగారూ," అని నవ్వేవారు. నేను అంత గట్టిగా మాట్లాడింది నా జీవితంలో ఆ సోఫా మీదే.

ఇక ఆటగాళ్ళ మార్పిడి. ఫైనల్స్ అయ్యాక కొన్నాళ్ళు జట్లు ఒకరి ఆటగాళ్ళని మరొకరు మార్చుకుంటారు. ట్రేడ్ అంటారు. ఒక్కోసారి మనిషికి మనిషి కూడా కాదు. రాబోయే ఏడాది కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేటప్పుడు ముందు వంతు ఇస్తామని చెప్పి, ఉన్నవాణ్ణి పట్టుకుపోతారు. ఇది ఆయనకి గిట్టదు. "ఉన్న మనిషినిచ్చి, ఇంకా రాని మనిషిని తెచ్చుకోవడమేమిటి?" అనేవారు.

ఆకుపచ్చ జట్టులో ఒక ఎర్రజుట్టు కుర్రాడుండేవాడు. ఆయనకి ప్రాణం. వాడు గోలుకి తన్నేముందు సాక్సు పైకి లాక్కుంటాడు. అది చూసి ఆయన కూడా సోఫాలో లుంగీ సర్దుకునేవారు. ఒక ఏడాది ఆ కుర్రాడే తనని పంపెయ్యమని అడిగాడట. ఎటు? మా తెల్లజట్టుకి. ఆ వారం ఆయన నా ఫోను ఎత్తలేదు. శనివారం వెళితే వియ్యపురాలు తలుపు తీసి, "నిన్నటినుంచి అన్నం సరిగ్గా తినడం లేదన్నయ్యగారూ. మీ జట్టేదో మా పిల్లాణ్ణి ఎత్తుకుపోయిందట," అంది. నాకు నవ్వు రాలేదు. ఆయన ముఖం నిజంగానే పీక్కుపోయింది.

అభిమానులు వాణ్ణి ద్రోహి అన్నారు, చొక్కా తగలబెడతామన్నారు. ఆయన అవన్నీ చదివి వినిపించారు. చివరికి ఫోను బల్ల మీద పెట్టేసి, "వాడికి అక్కడ ఊపిరాడలేదేమో. మనకేం తెలుసు? మనం చూసేది శనివారం ఒక్కటే," అన్నారు. మరుసటి ఏడాది నుంచి మా తెల్లజట్టు ఆటలు కూడా ఆయన మొదటినుంచి చివరిదాకా చూశారు. ఎందుకండీ అంటే, "పిల్లాడు ఎలా ఉన్నాడో చూడొద్దా?" అన్నారు.

మా అమ్మాయి విషయం ఆ తరవాతే బయటపడింది. ఎవరిది తప్పని నన్నడగకండి. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ ఆఫీసులనుంచి వాడిపోయి వచ్చేవారు. ఒకే ఇంట్లో ఉండీ మాట్లాడుకోవడం మానేశారు. నాకు మాటలు రావు కాబట్టి అది నాకు ముందే కనిపించింది. కానీ ఏమనగలను. కాగితాల మీద సంతకాలయ్యాయి. అమ్మాయీ నేనూ సీమెయి దగ్గర చిన్న అద్దె ఫ్లాటుకి మారాం. చాంగీ బిజినెస్ పార్క్‌లో దాని ఆఫీసు అక్కడికి దగ్గర.

"నాన్నా, ఇంక హౌగాంగ్ వెళ్ళకు. బాగుండదు," అంది.

సరే అన్నాను. మా వాళ్ళలో పెళ్ళి పోతే వియ్యమూ పోతుంది. ఎదురుపడినా తలొంచుకుని పోతారు. అలాగే చూశాను నేను. శనివారాలు టీవీ లేని ఇంట్లో కూర్చున్నాను. ఫైనల్స్ మొదలయ్యే రోజులు. ఎవరు ఎవరితో ఆడుతున్నారో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అన్నిటిమీదా అలుపు వచ్చేసింది.

ఆయనే ఫోను చేశారు. బావగారూ అనలేదు. పేరు పెట్టి పిలవలేరు. కాసేపు గొంతు సవరించుకున్నారు. "ఆ... ఇవాళ మీవాళ్ళ ఆటుంది. మీరు మా ఇంటికి రాకూడదు, నేను మీ ఇంటికి రాకూడదు. పాయా లెబార్‌లో ఒక హాకర్ సెంటరుంది. మీకూ నాకూ నడిమధ్య. ఫైనల్స్ ఇద్దరిదీ కాని మైదానంలో పెట్టుకుంటే తగువుండదు."

వెళ్ళాను. ఆయన ముందే వచ్చి, తిండి అంగళ్ళ మధ్య ఫ్యాన్ కింద బల్ల పట్టి, ఫోనుని కాఫీ కప్పుకి ఆనించి నిలబెట్టి కూర్చున్నారు. ఆటలో నాలుగోవంతు, అంటే ఒక క్వార్టరు, అయ్యేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఏమని పిలవాలో తెలియని మనుషులు ఎలా మాట్లాడతారు?

ఆయనే అన్నారు. "నేను ఆలోచించాను. కోర్టువాళ్ళు వాళ్ళిద్దరి పేర్లూ రాశారు. నా పేరు రాయలేదు. మీ పేరూ రాయలేదు కదా?"

"లేదండి."

"మరి మనల్నెవరు విడగొట్టారు, బావగారూ?"

నేను తల వంచుకుని కాఫీ కలుపుతూ కూర్చున్నాను. అందులో పంచదార లేదు, కలపడానికేమీ లేదు. ఆయన అది చూశారు. "ఎర్రజుట్టోడికి బంతి వచ్చింది, చూడండి," అని ఫోను నావైపు తిప్పారు.

అప్పటినుంచి మళ్ళీ శనివారాలు వచ్చాయి. రెండో క్వార్టరు అవగానే ఆయన తప్పకుండా అడిగేవారు, "అమ్మాయి ఎలా ఉంది?" అని. బాగానే ఉందండి అనేవాణ్ణి. "బాగానే అంటే? తింటోందా? ఆఫీసునుంచి ఎన్నింటికి వస్తోంది?" నేను చెప్పేది చాలేది కాదు. నేను కూడా వాళ్ళబ్బాయి సంగతి అడిగేవాణ్ణి. ఆయనా "బాగానే" అనేవారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకునేవాళ్ళం. మళ్ళీ ఆట.

ఒకసారి వియ్యపురాలు చేసిన మురుకులు డబ్బాలో తెచ్చారు. "ఎవరిచ్చారని చెప్పక్కర్లేదు, బల్ల మీద పెట్టెయ్యండి," అన్నారు. పెట్టాను. మా అమ్మాయి ఆ డబ్బా చూసింది, గుర్తుపట్టింది. మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు ఆఫీసునుంచి వచ్చి, నిలబడే నాలుగు తిని, గదిలోకి వెళ్ళిపోయింది. శుక్రవారం చూస్తే డబ్బా కడిగి ఉంది. లోపల వేరుశనగ ఉండలు.

"ఉత్త డబ్బా పంపకూడదు కదా," అంది, నావైపు చూడకుండా.

ఆ డబ్బా అలా అటూ ఇటూ తిరిగింది. ఒకవారం కారప్పూస, ఒకవారం కొబ్బరి ఉండలు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆయన ఉండ ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "బెల్లం తగ్గించింది. మీకు షుగరని," అనేవారు.

చివరిసారి కలిసినప్పుడు ఆయన బాగా అలిసి ఉన్నారు. ట్రైను మెట్లు ఎక్కడం కష్టంగా ఉందన్నారు. ఆకుపచ్చ జట్టు ఎనిమిదో స్థానంలో వేలాడుతోంది. ఇంకొక్కటి గెలిస్తే ఫైనల్స్. ఆ ఆట చివర్లో ముందున్నారు. నేను సంతోషించాను. ఆయన సంతోషించలేదు.

"వద్దనిపిస్తోంది బావగారూ. గెలిస్తే మళ్ళీ వచ్చేవారం గుండె పట్టుకుని కూర్చోవాలి."

"మరి ఓడితే బాగుంటుందా?"

"ఓడితే ఏడాదంతా ఏం చూశానా అనిపిస్తుంది." ఆయన పెదవులు చప్పరించి, చేతులు తుడుచుకున్నారు. "ఈ జట్టుని ఎవరికైనా ట్రేడ్ చేసేస్తే బాగుణ్ణు. ఎవరు తీసుకుంటారు, లా?"

గెలిచారు. ఆయన లేచి, నా భుజం మీద చెయ్యేసి, ఆ చెయ్యి మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపు ఉంచి, స్టేషను వైపు వెళ్ళిపోయారు. ఆ వచ్చేవారమే ఫోను వచ్చింది.

మా వాళ్ళలో పెద్దవాళ్ళు పోతే వియ్యాలవారు కొత్త పంచె తెచ్చి కప్పుతారు. అది వాళ్ళ వంతు. ఇంకెవరూ చెయ్యరు. ఆయనకి ఒక్కడే కొడుకు. అంటే ఆ పంచె తేవలసినవాణ్ణి నేనొక్కణ్ణే. తేవచ్చో లేదో తెలియదు. అమ్మాయిని అడిగాను.

"నీ ఇష్టం నాన్నా. నేను మాత్రం రాను. నన్ను చూస్తే అక్కడందరికీ ఇబ్బంది," అని ఆఫీసుకి వెళ్ళిపోయింది. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో చాలాసేపు వంగే ఉంది.

లిటిల్ ఇండియా వెళ్ళి జరీ అంచు పంచె కొన్నాను. హౌగాంగ్‌లో వాళ్ళ బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో పెట్టారు ఆయన్ని. ప్లాస్టిక్ కుర్చీలు, పెద్ద స్టాండు ఫ్యాన్లు, తెలిసిన ముఖాలు. ఎవరో అడిగారు, "అంకుల్, మీరేమవుతారు ఆయనకి?" పంచె ఉన్న సంచీ పట్టుకుని ఒక స్తంభం వెనక నిలబడ్డాను.

పంతులుగారు ఒక్కొక్కటి చేయిస్తూ వచ్చి, "వియ్యాలవారి పంచె?" అన్నారు.

మలేసియానుంచి వచ్చిన ఆయన తమ్ముడు మెల్లగా అన్నాడు, "ఆ సంబంధం లేదండి ఇప్పుడు. తరవాతది కానివ్వండి."

అప్పుడు మా వియ్యపురాలు తల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా అందరికీ వినిపించింది. "లేదని ఎవరు చెప్పారు మరిదీ? మీ అన్నయ్య మొన్న శనివారం వెళ్ళింది ఎవరి దగ్గరికనుకున్నావు?" నావైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఆ స్తంభం వెనకేం చేస్తున్నారు? మీ బావగారు ఎదురుచూస్తున్నారు. రండి."

వెళ్ళాను. పంచె మడత విప్పి ఆయన మీద కప్పాను. చాతీ దగ్గర సర్దాను. "బావగారూ," అన్నాను. అంతే.

పక్కనున్న ఫ్యాను గాలికి పంచె కొస లేచిపోతోంది. నేను ఇటు పట్టుకుంటే అటు లేస్తోంది. అప్పుడు అటువైపునుంచి ఒక చెయ్యి వచ్చి ఆ కొసని నొక్కి పట్టింది. మెడలో ఆఫీసు కార్డు తాడు ఇంకా అలాగే ఉంది. మా అమ్మాయి. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆ పక్కనే నిలబడ్డ వాళ్ళబ్బాయి ఒక అడుగు వెనక్కి జరిగి, దానికి చోటిచ్చాడు. పంతులుగారి మంత్రం అయ్యేదాకా అది ఆ జరీ అంచు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది. గాలి కొడుతూనే ఉంది.

ఇంతే నేను రాయగలిగింది. యార్డులో ఆయనతో పనిచేసినవాళ్ళు, పేరాక్‌లో ఆయన్ని చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్ళు మీలో ఉంటే, నాకు తెలియని ఆయన సంగతులు రెండు ముక్కలు రాసి పత్రికకి పంపండి, వాళ్ళు నాకు చేరుస్తారు. శనివారాలు వెళ్ళి మా చెల్లెమ్మగారికి చదివి వినిపిస్తాను. ఆవిడకి ఇప్పుడు పొద్దు గడవడం లేదు, నాకేమో చెప్పడం రాదు. అందుకని కాస్త త్వరగా రాయండి.